మన బస్టాండ్‌లో బస్సుని చూసి అది ఏ కంపెనీదో, ఎంత పాతదో, యాడ కూర్చోవాలో కనుక్కోవడం ఎలా

అనంతపురం నుంచి గుత్తి మీదుగా కర్నూలు వైపు హైవే 44 మీద పొద్దున పూట పోతా ఉంటే అప్పుడప్పుడు ఒక వింత బండి కనిపిస్తాది. పైన టాప్ ఉండదు, అద్దాలుండవు, పక్క రేకులుండవు, పొడుగ్గా రెండు ఇనప దూలాలు, కింద చక్రాలు, ముందర బోసిగా ఇంజన్, దాని పక్కన చిన్న సీటు మీద తలకి టవల్ చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టుకుని ఒక డ్రైవరు, ఎండకి కళ్ళు చిన్నవి చేసుకుని తోలుతా ఉంటాడు. ఒకటి పోయిన కాసేపటికి వెనకే ఇంకోటి, దాని వెనక ఇంకోటి. చిన్నప్పుడు నేను వాటిని యాక్సిడెంట్ అయిపోయిన బస్సులేమో అనుకునేవాణ్ణి. మా మేనమామ చెప్పినాడు, అది యాక్సిడెంట్ అయిన బస్సు కాదల్లుడూ, ఇంకా పుట్టని బస్సు, హోసూరులో చాసిస్ కట్టి బాడీ కట్టించేదానికి తోలుకుపోతా ఉన్నారు అని.

మామ కడపలో ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా చేసి రిటైర్ అయినాడు, బస్సుల ఇంజన్లు గేర్‌బాక్సులు విప్పి మళ్ళీ బిగించి డిపోలకి పంపే పని. బస్సుని చూడడం నాకు నేర్పింది ఆయనే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి, దానికి నేను తర్వాత చదివి తెలుసుకున్న చరిత్ర కలిపినా. ఎక్కువగా అశోక్ లేలాండ్ గురించే చెప్తా, ఎందుకంటే మన కర్నూలు, అనంతపురం, కడప బస్టాండ్లలో నిలబడితే కంటికి ఎక్కువ ఆనేది అదే, ఇంకా పెద్ద కారణం ఏందంటే ఆ ఒక్క కంపెనీ కథ తెలిస్తే మన దేశంలో బస్సు అనేది ఎట్ల తయారైందో సగం అర్థమైపోతాది.

మొదట బుర్రలో పెట్టుకోవాల్సింది ఒకటే. బస్సు అంటే ఒక వస్తువు కాదు, రెండు. కింద చాసిస్ ఒక కంపెనీది, పైన బాడీ చాలాసార్లు ఇంకొకరిది. ముందర గ్రిల్ మీద ఉండే గుర్తు చాసిస్ కంపెనీది, అంటే ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, బ్రేకులు, చక్రాల మీద కుదుపు తట్టుకునే కమాన్ పట్టీలు వాళ్ళవి. కిటికీలు, సీట్లు, టాప్, తలుపులు, ఎమర్జెన్సీ డోర్ ఇవన్నీ బాడీ కట్టినోళ్ళవి. తమిళనాడులో కరూరు అనే ఊరు మొత్తం బస్సు బాడీలకే పేరు, బెంగళూరులో ప్రకాశ్, వీర లాంటి పేర్లతో ప్రైవేటు బస్సులకి కట్టేవాళ్ళున్నారు, బస్సు వెనకనో పక్కనో ఆ పేరు స్టిక్కర్ గానీ ప్లేటు గానీ ఉంటాది చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్టీసీకి హైదరాబాద్ మియాపూర్‌లో సొంత బాడీ బిల్డింగ్ యూనిటే ఉండేది. అందుకే ఒకే లేలాండ్ చాసిస్ మీద ఒక బస్సు పల్లెవెలుగు అయితాది, ఇంకోటి సూపర్ లగ్జరీ అయితాది, ఇంకోటి కాలేజీ బస్సు అయితాది. జనం "ఈ లేలాండ్ బస్సులో సీట్లు బాగలేవు" అంటారు గానీ సీట్లకీ లేలాండ్‌కీ సంబంధం ఉండకపోవచ్చు. ఏది బాగలేకపోతే ఎవర్ని అడగాలో తెలియాలంటే ముందు ఈ రెండూ వేరు చేసి చూడాల.

ఇప్పుడు బస్టాండ్‌లోకి రండి. బస్సు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చి ఆగినాక ముందర నిలబడి గ్రిల్ చూడండి. టాటా అయితే గుడ్డు ఆకారంలో టీ అక్షరం, ఐషర్ అయితే పేరే రాసి ఉంటాది, వోల్వో అయితే గ్రిల్‌కి అడ్డంగా ఏటవాలు పట్టీ, లేలాండ్ అయితే గుండ్రటి గుర్తు, దానికి తోడు పేరు. ఇది అందరికీ తెలిసిందే. కానీ డిపోలో రిపేర్లప్పుడు గ్రిల్ మార్చేసి, పెయింట్ వేసేసి, గుర్తు ఊడిపోయిన బస్సులు చాలా ఉంటాయి, అప్పుడు చెవి వాడాల.

చెవి అంటే ఇంజన్ యాడుందో వినడం. డ్రైవర్ పక్కన రెక్సిన్ కప్పిన పెద్ద డబ్బా లాంటి బానెట్ ఉంటే అది ఫ్రంట్ ఇంజన్. బస్సు వెనక రేకుకి గాలి పోయే చీలికలు ఉండి, శబ్దం వెనక నుంచి వస్తా ఉంటే రియర్ ఇంజన్. మన పల్లెవెలుగులు, ఎక్స్‌ప్రెస్‌లు చాలామటుకు ఫ్రంట్ ఇంజన్‌వే. దానికి కారణం ఉంది, మన రోడ్ల దుమ్ముకి, గుంతలకి అది తట్టుకుంటాది, దారిలో చెడిపోతే డ్రైవరే బానెట్ ఎత్తి చూసుకోవచ్చు, చాసిస్ రేటు కూడా తక్కువ. కష్టం ఏందంటే వేడి. మే నెలలో తాడిపత్రి నుంచి అనంతపురం మధ్యాహ్నం బస్సెక్కి బానెట్ పక్కన సీట్లో కూర్చున్నోళ్ళకి నేను చెప్పబళ్ళే, కాళ్ళు ఉడికిపోతాయి, డ్రైవర్ అన్న పాపం రోజంతా ఆ పక్కనే ఉండాల. గరుడ లాంటి వోల్వోల్లో ఇంజన్ వెనక ఉంటాది కాబట్టి ముందు సీట్లలో శబ్దం అసలు తెలియదు.

ఒకసారి కడప నుంచి రాయచోటికి పెండ్లికి పోతా మామతో పాటు బస్సెక్కినా. గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యేటప్పటికి మామ "కండ్లు మూసుకో, ఇప్పుడు విను" అన్నాడు. డ్రైవరు గేరు కిందికి దించినాడు, ఇంజన్ గొంతు పైకి లేచింది, కీచుగా కాదు, లోపల్నుంచి బరువుగా గుర్రుమంటా, దాని వెనకే టర్బో సన్నగా ఈల వేస్తా ఉంది. "ఆరు సిలిండర్లు, హినో వంశం, వినపడతా ఉందా, ఎక్కడా తడబడదు, ఒకే దారం లాగినట్టు పోతాది" అన్నాడు. నిజంగానే, మలుపు మలుపుకీ గేర్లు మారుతా ఉన్నా ఆ దారం తెగలేదు. బానెట్ మీద ఒకామె మామిడికాయల సంచి పెట్టుకుని దాన్ని చేత్తో పట్టుకుని ఉంది, ఆ సంచి ఇంజన్‌తో పాటు సన్నగా వణుకుతా ఉంది, నాకు ఇప్పటికీ లేలాండ్ అంటే ఆ వణుకే గుర్తొస్తాది. ఘాట్ ఎక్కినాక కోవా అంగళ్ళ దగ్గర దిగి మామ నాకు ఈ హినో సంగతి మొత్తం చెప్పినాడు, అది ముందు నుంచి చెప్తేనే బాగుంటాది.

లేలాండ్ అనేది మనిషి పేరు కాదు, ఇంగ్లాండులో లాంకషైర్‌లో ఒక చిన్న ఊరు. అక్కడ 1896లో ఆవిరి బండ్లు చేసే కంపెనీ ఒకటి పెట్టినారు, 1907లో దానికి ఊరి పేరు మీదే లేలాండ్ మోటార్స్ అని పేరు మార్చినారు. మన వైపు కథ వేరే చోట మొదలైంది. 1948 సెప్టెంబరు 7న రఘునందన్ శరణ్ అనే ఆయన అశోక్ మోటార్స్ పెట్టినాడు, అశోక్ అనేది ఆయన కొడుకు పేరు. అప్పుడు చేసింది బస్సులు కాదు, మద్రాసు ఎన్నూరులో ఆస్టిన్ కార్లు తెచ్చి బిగించే పని. దేశానికి అప్పుడు కార్ల కంటే లారీలు, బస్సులు కావాల, అందుకని 1950లో ఇంగ్లాండు లేలాండ్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ళ కామెట్ అనే మోడల్ చాసిస్‌లు బిగించడం మొదలుపెట్టినారు. 1955లో ఇంగ్లాండు కంపెనీ వాటా తీసుకున్నాక పేరు అశోక్ లేలాండ్ అయింది. ఒక కొడుకు పేరు, ఒక ఊరి పేరు, రెండూ కలిసి మన బస్సు మూతి మీదికి వచ్చినాయి.

ఇక్కడ ఒక ముడి ఉంది, నాకు చాలా ఇష్టమైంది. నిజాం కాలంలో 1932లో రైల్వే శాఖ కిందే రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, ఆ బస్సులు ఆల్బియన్ కంపెనీవి, స్కాట్లాండ్‌లో గ్లాస్గో నుంచి వచ్చినవి. ఆ ఆల్బియన్‌ని 1951లో లేలాండ్ మోటార్సే కొనేసింది. అంటే మన ఆర్టీసీకి పూర్వీకులైన బస్సులు, ఇప్పుడు డిపోలో ఉన్న బస్సులు, రెండు దోవలూ పోయి ఒకే ఇంట్లో కలిసినాయి. మన సీమ అప్పుడు మద్రాసు వైపు ఉండేది కాబట్టి ఇక్కడ ఆ బస్సులు తిరగలేదు, మన ఊర్లకి ప్రైవేటు సర్వీసులే. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడినాక తర్వాత తర్వాత రూట్లు దాని చేతికి వచ్చినాయి. పాత ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం కూడా నిజాం కాలందే, నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టినారని పెద్దోళ్ళు చెప్తారు. కర్నూలు డిపోల్లో ఏపీ 21 జెడ్, అనంతపురంలో ఏపీ 02 జెడ్, కడపలో ఏపీ 04 జెడ్ అని చూసే ఉంటారు. ఇది వయసు కనుక్కునేదానికి మంచి గుర్తు, ఎందుకంటే 2019 నుంచి రాష్ట్రం మొత్తానికీ ఏపీ 39 వచ్చేసింది. జిల్లా నంబరు ఉంటే అంతకు ముందు బండి. ఏపీ 28 జెడ్, ఏపీ 29 జెడ్ లాంటివి ఉంటే ఇంకా పాతది, ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ వైపు రిజిస్టర్ అయినది.

లేలాండ్ వాళ్ళు 1967లో టైటాన్ అనే డబుల్ డెక్కర్ చేసినారు, మన దేశంలో తయారైన మొదటి డబుల్ డెక్కర్ అదే. హైదరాబాద్‌లో పాతకాలం డబుల్ డెక్కర్ ఎక్కిన పెద్దోళ్ళు మన ఇండ్లలో ఉంటారు, అడిగితే పై అంతస్తు ముందు సీటు గురించి గంట చెప్తారు. 1976లో వైకింగ్ వచ్చింది. మన దేశంలో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌తో వచ్చిన మొదటి బస్సు ఇదేనని కంపెనీ చెప్పుకుంటాది. ఆ మాట చిన్నదిగా వినపడొచ్చు, కానీ అంతకు ముందు డైనమో ఉన్న బండ్లలో ఇంజన్ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ చార్జ్ సరిగా అయ్యేది కాదు, రాత్రి స్టాపులో ఆగినప్పుడు లైట్లు మిణుకుమిణుకుమనేవి. ఆల్టర్నేటర్ వచ్చినాక ఆ బాధ తగ్గింది. వైకింగ్ పేరు ఇప్పటికీ నడుస్తా ఉంది, మన ఆర్టీసీలో చూసే పెద్ద ఫ్రంట్ ఇంజన్ లేలాండ్లలో చాలామటుకు వైకింగ్ చాసిస్సే. 222 అని మెకానిక్కులు అంటారు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 222 ఇంచులు, అంటే సుమారు 5.6 మీటర్లు. దానికంటే కురచగా చీతా అని ఇంకోటి.

అప్పటిదాకా ఇంజన్లన్నీ ఇంగ్లాండు లేలాండ్ వంశం, 370, 400 అని నంబర్లతో, ఆ నంబరు ఇంజన్ సైజే, క్యూబిక్ ఇంచుల్లో. 1980ల్లో జపాన్ హినో కంపెనీతో కలిసినారు, అక్కడి నుంచి హెచ్ సిరీస్ ఇంజన్లు వచ్చినాయి, ఆరు సిలిండర్లు, 5.76 లీటర్లు. పాతదానికంటే చిన్న ఇంజన్, అయినా డీజిల్ తక్కువ తాగి పని ఎక్కువ చేసేది. గువ్వలచెరువు ఘాట్‌లో మేము విన్నది దాని వారసుణ్ణే. హోసూరు ఫ్యాక్టరీ 1980లో మొదలైంది, మన హైవే మీద పోయే బోసి చాసిస్‌లు వచ్చేది ఆ ఊరి నుంచే.

ఇంకో సంగతి కూడా తెలియాల. ఇంగ్లాండులో అమ్మ కంపెనీకి తర్వాత మంచి రోజులు లేవు. 1968లో బ్రిటిష్ లేలాండ్ అని పెద్దగా కలిపేసినారు, 1975లో అక్కడి ప్రభుత్వం చేతికి పోయింది, తర్వాత ముక్కలు ముక్కలుగా అమ్మేసినారు, బస్సుల భాగం 1988లో వోల్వో కొనుక్కుంది. మన కంపెనీలో వాళ్ళకున్న వాటాని 1987లో హిందుజా వాళ్ళు, ఇటలీ ఇవెకో వాళ్ళు కలిసి తీసుకున్నారు, 2007లో ఇవెకో వాటా కూడా హిందుజా వాళ్ళకే వచ్చింది. అమ్మ ఇల్లు కూలిపోయినా బిడ్డ ఇక్కడ నిలబడింది. అంతటితో ఆగలేదు, 2010లో ఇంగ్లాండులోనే ఆప్టేర్ అనే బస్సు కంపెనీలో వాటా కొన్నారు, తర్వాత దాన్ని పూర్తిగా చేతిలోకి తీసుకున్నారు, ఇప్పుడు అది స్విచ్ మొబిలిటీ, ఎలక్ట్రిక్ బస్సులు చేస్తాది. 2022 ఆగస్టులో ముంబైలో బయటికి తెచ్చిన ఏసీ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ వాళ్ళదే. టైటాన్ నుంచి దీనికి 55 ఏండ్లు. మధ్యలో 1997లో సీఎన్జీ బస్సు, 2013లో జన్‌బస్ చేసినారు, అది ఫ్రంట్ ఇంజనే అయినా ఒకే మెట్టుతో ఎక్కేటట్టు, లోపల మొత్తం సమంగా ఉండేటట్టు కట్టినారు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ పల్లెవెలుగు మొదటి మెట్టు ఎక్కేదానికి పడే కష్టం చూసినప్పుడల్లా మన ఊర్లకి అట్లాంటివి ఎప్పుడొస్తాయా అనిపిస్తాది.

సరే, చరిత్ర అయింది, మళ్ళీ బస్టాండ్‌కి వద్దాం. వయసు కనుక్కునేదానికి నంబరు ప్లేటు ఒకటి చెప్పినా, రెండోది యూరియా ట్యాంక్. డీజిల్ ట్యాంక్ కాకుండా ఇంకో చిన్న ట్యాంక్, నీలం మూత ఉంటే దాన్ని మన డ్రైవర్లు యూరియా అంటారు. బండ్ల పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 రూలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, ఆ తర్వాత వచ్చిన పెద్ద డీజిల్ బస్సులకి ఇది ఉంటాది. అది పొగగొట్టంలోకి పోయి పొగలో ఉండే నైట్రోజన్ విషాన్ని విరిచేస్తాది. లేలాండ్ మటుకు అంతకు ముందున్న బీఎస్4 రూలు టైములో ఎక్కువ బండ్లని ఈజీఆర్ పద్ధతితో, అంటే కొంత పొగని మళ్ళీ ఇంజన్‌లోకే తిప్పి, యూరియా లేకుండా నడిపింది. కాబట్టి లేలాండ్ బస్సుకి నీలం మూత కనిపిస్తే అది చాలామటుకు ఈమధ్య బండే అనుకోవచ్చు. వేరే కంపెనీ బండ్లలో బీఎస్4లోనే యూరియా వాడినవి ఉన్నాయి, ఆ గుర్తుని వాటికి వాడొద్దు.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి, కంపెనీ పేరు, మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో వస్తాది. చాసిస్ నంబరు ప్లేటు కనపడితే మొదటి మూడక్షరాలు చూడండి, ఎంబీ1 అయితే లేలాండ్, ఎంఏటీ అయితే టాటా. గ్రిల్ మార్చినా, పెయింట్ మార్చినా ఈ అక్షరాలు మారవు. డ్రైవర్‌నో కండక్టర్‌నో "అన్నా, ఒకసారి చూస్తా" అని మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు, పైగా వాళ్ళే రెండు మాటలు ఎక్కువ చెప్తారు. ఆగి ఉన్న బస్సు కిందికి మాత్రం వంగి దూరొద్దండి, వెనక్కి తీసే బస్సు డ్రైవరుకి మీరు కనపడరు.

ఇంక యాడ కూర్చోవాలా అనేది. కమాన్ పట్టీల బస్సు అయితే రెండు చక్రాలకీ నడిమధ్య ఉండే సీట్లే అన్నిటికంటే మేలు. వెనక సీట్లో ఎందుకు ఎగిరి పడతాం అంటే వెనక చక్రం దాటి బస్సు ఇంకా మూడు మీటర్ల దాకా వెనక్కి సాగి ఉంటాది, చక్రం గుంతలో పడి లేస్తే ఆ చివర ఎంత ఎగురుతాదో తూగుడుబల్ల మీద కూర్చున్న పిల్లలకి తెలుసు. వెన్నునొప్పి ఉన్నోళ్ళు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వెనక నాలుగు వరసలకి పోవద్దండి, నిలబడైనా ముందుకొచ్చి అడిగి కూర్చోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కి డబ్బులు లేవు కదా, బస్సులు నిండుగా పోతా ఉన్నాయి, మధ్య సీటు దొరకాలంటే బస్సు బయల్దేరే చోటే ఎక్కడం మంచిది. ఎండ లెక్క కూడా చూసుకోండి, కర్నూలు నుంచి అనంతపురానికి బండి దక్షిణానికి పోతాది, పొద్దున పూట ఎండ ఎడమ పక్క, కాబట్టి డ్రైవర్ వైపు కూర్చోండి, సాయంత్రం అయితే తలుపు వైపు. తిరుగు ప్రయాణానికి తిరగేసుకోండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద ఏసీ బస్సుల్లో కుదుపు తేడా తక్కువ, అక్కడ ఎండ లెక్కే ముఖ్యం.

కడప నుంచి తిరుపతికి పోయేవాళ్ళు ఒకసారి ఎలక్ట్రిక్ బస్సు కూడా ఎక్కి చూడండి. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ తిరుమల ఘాట్‌కి, తిరుపతి చుట్టుపక్కల రూట్లకి కలిపి 100 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది, అవి హైదరాబాద్‌కి చెందిన ఒలెక్ట్రా చేసినవి. బానెట్ లేదు, గేర్లు లేవు, డ్రైవర్ పక్కన వేడి లేదు. మామకి మొదటిసారి ఎక్కించినప్పుడు చాలాసేపు ఏం మాట్లాడలేదు, చెవి పెట్టి వింటా ఉన్నాడు, సన్నటి మోటార్ శబ్దం తప్ప ఇంకేం లేదు. తర్వాత "డ్రైవర్ల చెవులు బతుకుతాయి అల్లుడూ" అన్నాడు.

బాడీ చూడడం గురించి నెమ్మదిగా చెప్పాల, ఎందుకంటే మన కర్నూలు దగ్గర జరిగింది ఎవరం మర్చిపోలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు స్లీపర్ బస్సు మంటల్లో పడి 19 మంది ప్రయాణికులు పోయినారు. అప్పట్నుంచి నేను స్లీపర్ ఎక్కితే బెర్త్ చూసుకునే ముందు బయటికి పోయే దారి చూసుకుంటా. బస్సు బాడీకి ఏఐఎస్-052 అని, స్లీపర్లకి ఏఐఎస్-119 అని రూల్స్ ఉన్నాయి, ఎమర్జెన్సీ దారులు ఎట్లుండాలి అని అందులో రాసి ఉంటాది. మనం చేయాల్సింది ఇది: ఎక్కగానే ఎమర్జెన్సీ డోర్ యాడుందో కనుక్కోండి, దానికి అడ్డంగా బెర్త్ గానీ సామాన్లు గానీ ఉన్నాయా చూడండి, అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట ఉందా చేత్తో తాకి చూడండి, పై కప్పుకి తెరుచుకునే హ్యాచ్ ఉంటే అది మీ బెర్త్ నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో లెక్కపెట్టుకోండి, పొగలో కండ్లు కనపడవు, లెక్కే దారి చూపిస్తాది. ఒకసారి నేను ఎక్కిన ఒక ప్రైవేటు స్లీపర్‌లో సుత్తి పెట్టే క్లిప్పు మాత్రమే ఉంది, సుత్తి లేదు. క్లీనర్ పిల్లోణ్ణి అడిగితే "పిల్లోళ్ళు ఆడుకుంటారని లోపల పెట్టినాం" అన్నాడు. "యాడ పెట్టినావో తెచ్చి దీంట్లో పెట్టు, అప్పటిదాకా బండి కదలదు" అని మేం నలుగురం గట్టిగా అడిగినాక సామాన్ల కింద నుంచి తీసి తెచ్చినాడు. మీరు కూడా అడగండి, మొహమాటపడొద్దు. ఎంపరివాహన్‌లో సీట్లు ఎన్ని, స్లీపర్ బెర్తులు ఎన్ని అని రాసి ఉంటే దాన్ని లోపల ఉన్నదానితో పోల్చండి, కాగితం మీద సీటింగ్ అని ఉండి లోపల బెర్తులు ఉంటే ఆ బస్సు ఎక్కొద్దు.

ఇంక మన రాష్ట్రం సంగతి. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చి 19న మొదలైంది, 75 ఎకరాలు, పూర్తి స్థాయికి వస్తే ఏడాదికి 4,800 బస్సులు చేయగలదని చెప్పినారు. అక్కడ బాడీతో సహా మొత్తం బస్సు తయారై బయటికి వస్తాది. దీనివల్ల మీకు ఉపయోగం ఏందంటే, చాసిస్ ఒకరిది బాడీ ఒకరిది అన్న మాట కొత్త బస్సుల్లో కొన్నిటికి వర్తించదు, రెండూ ఒకే కంపెనీవి. అందుకని కొత్త బస్సు ఎక్కినప్పుడు బాడీ కట్టినోళ్ళ ప్లేటు కూడా వెతకండి, సాధారణంగా తలుపు లోపలి వైపో డ్రైవర్ సీటు వెనకనో బిగించి ఉంటాది. ఆ ప్లేటు మీద పేరు, తయారైన నెల, సంవత్సరం చదివి చాసిస్ ప్లేటుతో పోల్చండి. రెండిటి మీద పేరు ఒకటే ఉంటే బస్సు మొత్తం ఒకే చేతి పని. వేరు వేరు ఉంటే చాసిస్ చేసిన నెలకీ బాడీ పూర్తయిన నెలకీ మధ్య ఎంత గ్యాప్ ఉందో చూడండి, ఆ గ్యాప్‌లోనే ఆ బస్సు బోసిగా, టవల్ చుట్టుకున్న డ్రైవర్‌తో, ఏదో హైవే మీద పోయుంటాది.